ఎడమవైపు స్టీరింగు

చదివే అక్కలకు, తమ్ములకు దండాలు. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసినాక. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద పప్పు మాడుతుంది. పోయిన వారం నా కాగితాలు సమయానికి అందక పత్రికవాళ్లు ఇబ్బంది పడ్డారట. తప్పులుంటే దిద్దుకొని చదవండి, ఆలస్యానికి కోపగించుకోకండి.

ఇక కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను.

చంద్రభాగకు ఊహ తెలియకముందే తండ్రి సిద్ధరాములు సోలాపూర్ విడిచి బొంబాయి పోయాడు. కొన్నాళ్లకు అక్కడి నుంచి వచ్చిన మనిషొకడు తల్లి యల్లమ్మ చేతిలో ఒక ఫోటో పెట్టి పోయాడు. వెంట ఉత్తరం లేదు. ఉన్నా ఇంట్లో చదివేవాళ్లు లేరు. ఫోటోలో సిద్ధరాములు చొక్కా లేకుండా, తడిపంచెతో, ఒక పెద్ద కారు పక్కన నిలబడి ఉన్నాడు. జంధ్యం కుడి భుజం మీద ఉంది.

పద్మశాలీల ఇంట్లో పుట్టినవాళ్లకు దాని అర్థం విడమరిచి చెప్పనక్కరలేదు. జంధ్యం ఎప్పుడూ ఎడమ భుజం మీదే ఉంటుంది. చచ్చినవాళ్లకు నీళ్లు వదిలేటప్పుడే అది కుడి భుజానికి మారుతుంది. యల్లమ్మ ఆ ఫోటోను ఒక్కసారి చూసింది. "బతికుండంగనే నాకు నీళ్లిడిసిండు" అన్నది. బొట్టు తుడుచుకొని ఫోటోను పెట్టె అడుగున పడేసింది. ఆనాటి నుంచి పెండ్లికి గానీ పండుగకు గానీ గడప దాటలేదు.

ఇప్పుడు ఆమె మంచం పట్టింది. పిల్లలిద్దరినీ పిలిచి ఒకటే మాట చెప్పింది. "నేను పోయినంక నాకు కర్మలు చెయ్యకండ్రి. ఒక్క మనిషికి రెండుసార్లు చెయ్యరు. నాది మీ నాయిన ఎప్పుడో చేసిండు."

ఆ మాట చంద్రభాగ గుండెలో ముల్లులా దిగింది. చావైనా తల్లికి చావులాగా రావాలి గదా అనుకున్నది. పెట్టె అడుగు నుంచి ఫోటో తీసింది. కారు ఎవరిదో తెలిస్తే, ఆనాడు తండ్రి నిజంగా ఏం చేశాడో చెప్పేవాడు ఒకడు దొరుకుతాడని ఆమె ఆశ. అప్పటి నుంచి బీడీల చాట పక్కన పెట్టి కారు వెంట పడింది. నెంబరు పలక కనబడదు. దాని మీద బంతిపూల దండలు, అరటాకులు కట్టి ఉన్నాయి. ఒకడు ఫోర్డ్ అన్నాడు, ఇంకొకడు షెవర్లే అన్నాడు. అశోక్ చౌక్‌లో గ్యారేజీ పెట్టుకున్న మల్లప్ప మాత్రం ఫోటోను వెలుగుకు పట్టి చూసి తల గోక్కున్నాడు. "ముక్కు చూస్తే ఆస్టిన్ లెక్కున్నది అక్కా. కని ఇక్కడి ఆస్టిన్‌కు స్టీరింగు ఎడమకు రాదు. గదొక్కటి కుడికి ఉంటే కండ్లు మూసుకొని చెప్పేటోణ్ని" అన్నాడు. అని, హోట్గి రోడ్‌లో ఉండే నర్సప్ప శేట్‌ను అడగమన్నాడు.

మరునాడు పొద్దున్నే చంద్రభాగ హోట్గి రోడ్‌కు పోయింది.

నర్సప్ప శేట్ పవర్‌లూముల యజమాని, చద్దర్ల వ్యాపారి. మన తెలుగాయనే. డెబ్బై దాటినా మనిషి గట్టిగా ఉన్నాడు. పాత కార్లంటే పిచ్చి. బంగళా పక్కన రేకుల కింద నాలుగైదు బండ్లకు తన చద్దర్లే కప్పి పెట్టుకున్నాడు. చంద్రభాగను అరుగు మీద చాలాసేపు కూర్చోబెట్టి, పూజ ముగించుకొని తీరిగ్గా వచ్చాడు. ఫోటో అందుకొని, కండ్లద్దాలు పెట్టుకొని చూశాడు.

"ఎవరిది బిడ్డా ఈ ఫోటో?"

"మా నాయినది సావుకారీ. సిద్ధరాములు. అశోక్ చౌక్ ఎనక గల్లీ మాది."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు మనుషులు గుర్తుండరు. గాడీలయితే గుర్తుంటయ్."

"నేను గాడీ గురించే అడుగ వస్తిని సావుకారీ."

"ఇది మన దిక్కు గాడీ కాదు. స్టీరింగు చూడు, ఎడమకున్నది. లడాయి అయిపోయినంక అమెరికా సోల్జర్లు ఇడిసిపెట్టి పోయిన మాలు. బొంబాయిల వేలం ఏస్తే ఎవడెవడో కొనుక్కున్నడు. గసొంటి చింతపిక్క రంగు గాడీలు ఎన్ని రాలే, ఎన్ని తుక్కుకు పోలే? యాడ ఎతుకుతవ్ నువ్వు?"

"గాడీ ముక్కు ఆస్టిన్‌దని మల్లప్ప అన్నడు."

"పంక్చర్లేసుకునేటోడు. వానికేం తెల్సు?"

చాయ్ వచ్చింది. తాగాలని లేకపోయినా మర్యాదకు తాగింది. ఆయన ఫోటో తిరిగి ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకొని అడిగాడు. "మీ అవ్వ ఉన్నదా?"

"ఉన్నది. మంచంల ఉన్నది."

ఆయన రేకుల షెడ్డు వైపు చూశాడు. "ఇడిసిపెట్టు బిడ్డా. పోయినోళ్ల ఎనక ఉరికి ఏం లాభం? కావాలంటే ఈ ఫోటో నా దగ్గర పెట్టిపో. తెలిసినోళ్లు వస్తే చూపిస్త" అన్నాడు.

సరే అనబోయింది. ఎందుకో మనసు ఒప్పలేదు. ఆయన ఒళ్లోని ఫోటో తీసుకొని కొంగులో చుట్టుకొని బయటపడింది.

బస్సు కోసం నిలబడితే బస్సు రాలేదు. వచ్చినది ఆగలేదు. ఎండ నెత్తిన కొట్టింది. అంత దూరం పోయి ఆయన కార్ల గొప్పలు విని, ఆయన చాయ్ తాగి, వట్టి చేతులతో తిరిగి వస్తున్నందుకు చంద్రభాగకు తన మీద తనకే కోపం వచ్చింది. అమెరికా సోల్జర్లను తను యాడ పట్టుకోవాలి? కారుకు నోరు లేదు. నోరున్న ప్రతివాడూ 'ఇడిసిపెట్టు' అనేవాడే.

అట్లా మండిపోతూనే తమ్ముడు అంబాదాస్ ఇంటికి వచ్చింది. తల్లి ఉండేది అక్కడే. చుట్టుపక్కల ఇండ్లన్నీ పవర్‌లూముల మోతతో దద్దరిల్లుతుంటే అంబాదాస్ ఒక్కడు చేతిమగ్గం వదల్లేదు. గోడకు వేలాడదీసే బొమ్మలు నేస్తాడు. ఆ నేతలో ఒక చిక్కుంది. బొమ్మ ముఖం కిందికి ఉంటుంది, నేసేవాడికి కనబడేది వెనకవైపు. కుడి ఎడమైపోతుంది, ఎడమ కుడైపోతుంది. కొత్తలో అంబాదాస్ వెన్న తినే బాలకృష్ణుణ్ని అట్లాగే లెక్క తప్పి నేశాడు. కోసి తిప్పి చూస్తే కృష్ణుడు ఎడమచేత్తో వెన్న తింటున్నాడు. చేయించుకున్న పార్టీ వద్దని తిప్పి పంపింది. గల్లీ అంతా అతనికి 'ఎడంచేతి అంబాదాస్' అని పేరు పెట్టింది. ఆనాటి నుంచి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో ఒక అద్దం పరిచి పెట్టుకున్నాడు. అనుమానం వచ్చినప్పుడల్లా వంగి, బొమ్మ ముఖం అద్దంలో చూసుకుంటాడు.

"వచ్చిందా కారు మేడమ్?" అన్నాడు తల ఎత్తకుండా. "దొరికిందా గాడీ?"

"దొరకలే."

"నర్సప్ప శేట్ ఏమన్నడు?"

"ఇడిసిపెట్టు అన్నడు."

"బరోబర్ అన్నడు. అందరు చెప్పేది అదే. నువ్వే ఇనవ్. గల్లీల నవ్వుతున్నరక్కా. ముసలితనంల చంద్రభాగకు కారు మోజు లేసిందంటున్నరు."

"నవ్వనీ. నీకేం పోయింది?"

"నాకేం పోయిందా?" అంబాదాస్ మగ్గంలో దారం అటూ ఇటూ పరుగెత్తించే నాడెను పక్కన పెట్టాడు. "నేను కడుపుల ఉండంగ పోయిండు ఆయన. మొకం ఎట్లుంటదో ఎరుకలే. నా పెండ్లిల పంతులు తండ్రి పేరడిగితే అవ్వ నోరిప్పలే. తాత పేరు చెప్పి కానిచ్చిన్రు. పీటల మీద కూసున్నోణ్ని నేను, తల యాడ పెట్టుకోవాలె? అసొంటోని ఫోటో పట్టుకొని నువ్వు ఊరేగుతున్నవ్!"

"మెల్లగ మాట్లాడు, అవ్వ ఇంటది."

"ఇననీ. ఆమెకు తెల్వని ముచ్చటనా?"

లోపలి గదిలో తల్లి దగ్గింది. చంద్రభాగ గొంతు తగ్గించింది గానీ పట్టు వదల్లేదు. "ఒక్కటి చెప్పు తమ్మీ. చావు పనికి పోయినోడు కారుకు బంతిపూలు కడ్తడా?"

"అవ్వ చెప్పలేదా? పూలు గాడీకి కట్టిండు, నీళ్లు ఆమెకు ఇడిసిండు."

"ఫోటో తీపిచ్చుకొని పంపుతడా?"

"ఆమెకు తెల్వాలనే పంపిండు! నీ జాడ నాకొద్దు, నువ్వు నాకు సచ్చినట్టే లెక్క అని చెప్పనీకి పంపిండు. ఇంకెట్ల చెప్పాలె నీకు?" అంటూ లేచి వచ్చి, ఆమె చేతిలో ఫోటో గుంజుకొని విసిరికొట్టాడు. అది గోడకు తగిలి, పడుగు దారాల పక్క నుంచి జారి మగ్గం గుంటలో పడింది.

 పక్కింటి పవర్‌లూము తన మోత తాను మోగించుకుంటున్నది.

చంద్రభాగ మోకాళ్ల మీద కూర్చొని గుంటలోకి వంగింది. కండ్లలో నీళ్లు తిరిగి ఏమీ సరిగా కనబడలేదు. చేత్తో తడిమి, ఫోటో అంచు దొరకబుచ్చుకొని పైకెత్తింది. బొమ్మ ముఖం కిందికి ఉంది. దాని కింద అద్దం ఉంది. అద్దంలో కారు కనబడింది.

ఇన్నాళ్ల అలవాటుకు ఆమె కండ్లు మొదట స్టీరింగు మీదికే పోయాయి. అది కుడివైపున ఉంది.

ఫోటో తిప్పి చూసింది. ఎడమ. మళ్లీ అద్దానికి పట్టింది. కుడి. మల్లప్ప మాట చెవిలో మోగింది. 'గదొక్కటి కుడికి ఉంటే...' అద్దంలో ఉన్నది అందరూ ఎరిగిన, మామూలు ఆస్టిన్ కారు. అప్పుడు ఆమె చూపు కారు మీది నుంచి మెల్లగా పక్కన నిలబడ్డ మనిషి భుజం మీదికి ఎక్కింది. అద్దంలో జంధ్యం ఎడమ భుజం మీద ఉంది.

"తమ్మీ, నీ కృష్ణుడు ఎడంచేతోడు అయిండు గదా..."

"ఇప్పుడది ఎందుకు?"

"ఫోటోలు గూడ గట్ల తిరగబడ్తయా?"

అంబాదాస్ ఏదో కసురుకోబోయి ఆగాడు. వచ్చి పక్కన వంగాడు. అద్దంలో చూశాడు. ఆమె చేతిలో ఫోటో చూశాడు. మళ్లీ అద్దంలో చూశాడు. "కాగితం మీదికి రాకముందు ఫిల్మ్ ఉంటది" అన్నాడు నెమ్మదిగా. "అది పలచగుంటది. వెలుగు ఎటు నుంచైనా పోతది. అచ్చేసేటోడు తిప్పి పెట్టిండంటే..."

మాట పూర్తి చేయలేదు. నోటితో అంటే నిజమైపోతుందని భయపడ్డట్టు వెనక్కి జరిగాడు. తల అడ్డంగా ఊపాడు. "ఎట్ల నమ్ముత? ఏమో, నిజంగనే ఎడమ స్టీరింగు గాడీ కావచ్చు. నిజంగనే జంధ్యం కుడికి ఏసుకున్నడు కావచ్చు. అద్దంల ఏది పెట్టినా తిరగబడ్తది అక్కా. నీ మొకం పెట్టినా తిరగబడ్తది."

అదీ నిజమే. దొరికిందనుకున్నది చేతిలోంచి జారిపోతున్నట్టయింది. చంద్రభాగకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆ మనిషి ముఖం తను ఎరగదు, తమ్ముడు ఎరగడు. ఎరిగినది ఒక్కతే. గుంటలోంచి అద్దం పెకిలించి, ఫోటోతో పాటు పట్టుకొని లోపలికి నడిచింది.

యల్లమ్మ గోడవైపు తిరిగి పడుకొని ఉంది. బయటి మాటలు విన్నది గానీ విన్నట్టు లేదు.

"అవ్వా, ఒక్కసారి ఇటు చూడు."

"చూడ."

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. ఒక్కసారి."

"ఒక్కసారి చూసిననే. అదే సాలు నాకు." ముసలామె ఇటు తిరగలేదు.

చంద్రభాగ ఫోటో, అద్దం మంచం మీద పెట్టేసింది. బతిమాలితే తల్లి వినదని ఆమెకు తెలుసు. వేరే దారి పట్టింది. "సరే, చూడకు. ఒక్క మాట చెప్పు. నాయిన మొకం మీద గుర్తు ఏమన్నుండెనా?"

గోడ వైపు నుంచి జవాబు వచ్చింది. "గాటు. మగ్గం మీదికెల్లి నాడె ఎగిరొచ్చి కనుబొమ్మ చీల్చింది. పెండ్లయిన కొత్త. నేనే పసుపద్దిన."

"ఏ కనుబొమ్మ?"

"ఎడమది. ఎదురుంగ కూసొని అద్దిన. నా కుడిచెయ్యి దిక్కు వచ్చింది. ఎందుకే ఇదంత?"

వెనకే లోపలికి వచ్చిన అంబాదాస్ గబుక్కున ఫోటో తీసి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ఆ ముఖం మీద సన్నటి తెల్ల గీత ఉన్నది. ఉన్నది కుడి కనుబొమ్మ మీద.  అక్క ముఖం చూసి తల ఊపాడు, అంతే.

"అవ్వా," అన్నది చంద్రభాగ.  "ఫోటో తిరగబడి అచ్చయ్యింది. ఉన్నది ఉన్నట్టు లేదు. నాయిన జంధ్యం ఎడమ భుజం మీదనే ఉండె. నీకు నీళ్లిడువలే. ఆ పూలు కారునే రథం చేసి కట్టిన పూలు. జంధ్యాల పున్నమి నాడు తానం చేసి, కొత్త జంధ్యం ఏసుకొని, మన మార్కండేయ స్వామి ఊరేగింపు కాడ తీపిచ్చుకున్న ఫోటో. నీకు చూపించనీకి పంపిండే!"

యల్లమ్మ మెల్లగా ఇటు తిరిగింది. చేయి చాపింది. చంద్రభాగ తమ్ముని చేతిలోని ఫోటో తీసుకొని అద్దానికి ఎదురుగా పట్టుకుంది. ముసలామె లేచి కూర్చొని అద్దంలోకి చూసింది. ఏండ్ల తరబడి పేరెత్తని మొగుడు ఎడమ కనుబొమ్మ మీద ఆమె పసుపు అద్దిన గాటుతో, ఎడమ భుజం మీద కొత్త జంధ్యంతో, నవ్వాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. ఆమె వేలు అద్దం మీద ఆ గాటును తాకింది.

చంద్రభాగ తల్లి ముఖంలో సంతోషం కోసం చూసింది. ఇంత తిరిగింది దాని కోసమే. సంతోషం రాలేదు. 

"అయితే ఆనాడు..." అన్నది యల్లమ్మ.

"ఏనాడే అవ్వా?"

"వచ్చిండు."

"ఎవరు?"

"మీ నాయిన. ఈ ఫోటో వచ్చిన రెండు మూడేండ్లకు. అది గూడ జంధ్యాల పున్నమే. గల్లీ గల్లీ రథం చూడ వోయింది. మీరు గూడ పోయిన్రు. సచ్చినదాన్ని నాకేం పండుగ, నేనొక్కదాన్నే ఇంట్ల ఉన్న. తలుపు కొట్టిండు. 'యల్లీ, నేనే' అన్నడు."

అంబాదాస్ గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయాడు.

"తీయలేదా?" అన్నది చంద్రభాగ.

"తీయలే. లోపలికెల్లే చెప్పిన. నువ్వు నీళ్లిడిసిన మనిషి ఈ ఇంట్ల లేదు, పో అన్న. ఏం నీళ్లు, ఏం మాటలవి యల్లీ అని ఎంత మొత్తుకున్నడో. నేను తలుపుకు ఈపు ఆనిచ్చి నిలబడ్డ. కొంచెం సేపటికి సప్పుడు ఆగింది." యల్లమ్మ కండ్లు అద్దం మీది నుంచి కదల్లేదు. "గాడీ సప్పుడయింది. తలుపు సందుల నుంచి చూసిన. ఈ గాడీనే."

"ఈ గాడీనా? ఇన్నాళ్లు నేను ఊరంత తిరుగుతుంటే ఒక్క మాట చెప్పకపోతివి!"

"నన్ను అడిగినవా? సచ్చినదాన్ని ఎవరడుగుతరు?"

 చంద్రభాగ గ్యారేజీలు తిరిగింది, బంగళాల అరుగుల మీద కూర్చుంది. తమ్ముని ఇంట్లో మంచంలో ఉన్న తల్లిని అడగాలని మాత్రం తోచలేదు.

"ఒక్కడే వచ్చిండా?"

"నడిపేటోడు ఇంకొకడు ఉండె. పడుచోడు. మొకం ఆనలే నాకు. మీ నాయినను చెయ్యి పట్టి ఎక్కించుకొని పోయిండు. మల్ల తిరిగి రాలే, కబురు లేదు." యల్లమ్మ ఫోటోను చేతిలోకి తీసుకొని కారును వేలితో చూపింది. "ఇందుల నల్లగ కనబడ్తది గని నల్లది కాదే అది. చింతపిక్క రంగు."

చంద్రభాగ చేతిలో అద్దం అట్లాగే ఆగిపోయింది.

చింతపిక్క రంగు. ఆ మాట ఆ రోజే ఎక్కడో విన్నది. హోట్గి రోడ్ బంగళా అరుగు మీద విన్నది. ఆయన చేతిలో తను పెట్టింది నలుపు తెలుపు ఫోటో. అందులో రంగు లేదు. కారు రంగు తను చెప్పలేదు, చెప్పడానికి తనకే తెలియదు. మనుషులు గుర్తుండరన్న మనిషి 'మీ అవ్వ ఉన్నదా' అని అడిగాడు. ఫోటో నా దగ్గర పెట్టిపో అన్నాడు. రేకుల కింద చద్దర్లు కప్పుకొని బండ్లు నిలబడి ఉన్నాయి. ఏ చద్దర్ కింద ఏ రంగు ఉన్నదో తను ఎత్తి చూడలేదు.

ఆమె అద్దాన్ని తల్లి ఒళ్లో పెట్టింది. ఫోటోను కొంగులో చుట్టి నడుముకు బిగించింది.

"తమ్మీ, సైకిల్ తీయి."

"ఇంత ఎండల యాడికి?"

"పొద్దుగాల నేను చాయ్ తాగొచ్చిన ఇంటికి."

నెల నాళ్లుగా అక్కను వెక్కిరించినవాడు ఈసారి లేచి నిలబడ్డాడు. మగ్గం మీద సగం నేసిన బొమ్మను అట్లాగే వదిలేసి, సైకిల్ తాళం కోసం గోడకున్న మేకు మీద తడిమాడు. వెనక మంచం మీద నుంచి యల్లమ్మ గొంతు వినబడింది.

"చంద్రీ, ఆ తలుపు పెట్టకండ్రి. తెరిసే ఉండనీ."

— గుర్రం పార్వతీబాయి, అరవై నాలుగేండ్లు. ఇప్పుడు ఉండేది కొంతం చౌక్ దగ్గర చిన్న కూతురింట్లో, సోలాపూర్.